అవ్వ చేతి పదును

సుంకులవ్వ చేతికి తొడుగు ఎక్కించడానికి మొదటి రోజు వైశాలికి అరగంట పట్టింది. దాన్ని తయారుచేసిన మహానుభావులు ప్రయోగశాలలో కూర్చుని కంప్యూటర్లు నొక్కే చేతుల కొలత తీసుకున్నట్టున్నారు. అరవై ఏళ్లు కలుపు తీసిన చెయ్యి అందులో దూరుతుందా? మణికట్టు దగ్గర ఇరుక్కుపోయింది. చివరికి అవ్వే విసుక్కుని, కొబ్బరినూనె తెమ్మని కోడలు వన్నూరమ్మను కేకేసింది.

"పెండ్లినాడు గాజులు గూడా ఇంత సతాయించలేదు పాపా," అంది అవ్వ, నూనె రాసుకుంటూ.

తొడుగుకు వేళ్ల కొసలు ఉండవు. మట్టిని తాకేది అవ్వ వేళ్లే. తాకిన క్షణంలో ఆ వేళ్ల నుంచి లోపలికి వెళ్లే కబురును పట్టుకోవడం తొడుగు పని. కణతల మీద అంటించే రెండు బిళ్ళలది ఇంకో పని. అవి లోపల చిన్న కుదుపు ఇస్తాయి. ఆ కబురు వెళ్లిన దారి కుదుపు తగలగానే ఒక్కసారి వెలుగుతుంది, యంత్రం దాన్ని రాసుకుంటుంది. అవ్వకు మాత్రం చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. తొడుగుతో పాటు ఇచ్చిన పుస్తకంలో అలాగే ఉంది.

వైశాలి వ్యవసాయ కళాశాలలో మూడో ఏడు ముగించిన పిల్ల. ఊరు భీమవరం పక్కన. అక్కడ కాలవ వదిలితే నాట్లు, నీళ్లు తీసేస్తే కోతలు. వాన కోసం మెడలు నొప్పి పుట్టేలా పైకి చూసే అలవాటు ఆ పక్క వాళ్లకు లేదు. అలాంటి పిల్ల వేసవి శిక్షణ కోసం అనంతపురం మెట్టలో బొమ్మలకుంట అనే ఊరికి వచ్చి పడింది. తోటి విద్యార్థులంతా ఊళ్లలో చార్టులు తగిలించి, ఎరువుల మీద ఉపన్యాసాలిచ్చి, ఫొటోలు దిగి వస్తారు. వ్యవసాయ విస్తరణ అంటే అదే కదా, ప్రయోగశాలలో ఉన్నదాన్ని పొలానికి మోసుకుపోవడం. తరగతిలో మొదటి ఇద్దరికి మాత్రం ప్రొఫెసర్ కేదారనాథ్ దీనికి తలకిందులైన పని అప్పగించాడు. పొలంలో ఉన్నదాన్ని ప్రయోగశాలకు మోసుకురావాలి.

తేవాల్సింది పదును. విత్తనం వేయడానికి నేల సరిగ్గా సిద్ధమైన తడి. మీటర్లు పెట్టి కొలిస్తే నేలలో ఎంత నీరుందో చెబుతాయి గానీ పదునయిందో లేదో చెప్పలేవు. ఒకే కొలత తడి ఎర్రనేలలో పదును, పక్కనే గులకరాళ్ల గరుపు నేలలో కాదు. నిన్న గాలి ఎటు వీచింది, రాళ్లు ఎంత వేడెక్కాయి, అడుగున ఏముంది, ఇవన్నీ కలిసి ఏదో లెక్క. ఆ లెక్క కొందరి చేతుల్లో ఉంది, వాళ్ల నోట్లో లేదు. అడిగితే చెప్పలేరు. అందుకే కేదారనాథ్ అడగడం మానేసి తొడుగు కనిపెట్టాడు.

బొమ్మలకుంటలో ఆ లెక్క సుంకులవ్వ చేతిలో ఉంది. తొలకరి పడ్డాక ఆ ఊళ్లో ఎవరూ తమంతట తాము విత్తే గొర్రు కట్టరు. మర్నాడు పొద్దున్నే అవ్వ పొలాల్లోకి వెళుతుంది. వంగి పిడికెడు మన్ను తీసి, పిసికి, వేళ్లు విప్పి వదిలేస్తుంది. ఇలా నాలుగైదు చోట్ల. నోరు విప్పి ఒక్క మాట అనదు. కొంగు తీసి నడుములో గట్టిగా దోపుకుందంటే పదునయినట్టు, ఊరు ఊరంతా విత్తనానికి బయలుదేరుతుంది. దోపుకోకుండా ఇంటికి నడిచిందంటే ఇంకా ఆగమని. ఆమె అత్త చేసింది, అత్తకు అత్త చేసింది. నోటితో ఎందుకు చెప్పవని వైశాలి అడిగితే అవ్వ నవ్వింది.

"చెప్పేకి ఏముంది పాపా? తప్పు మాటంటే నోరు తిప్పుకోవచ్చు. దోపిన కొంగు ఊరంతా చూసింటారు కదా."

వైశాలికి అప్పగించింది అరవై నమూనాలు. ఊళ్లోని వేర్వేరు పొలాల మట్టిని తొట్లలో నింపి, రకరకాల కొలతల్లో నీళ్లు పోసి, రోజుకు రెండు మూడు తొట్లు అవ్వ ముందు పెట్టాలి. అవ్వ పట్టుకుని పచ్చి, పదును, వట్టిది, మూడింట్లో ఏదో ఒకటి చెప్పాలి. అరవై పూర్తిచేస్తే కేదారనాథ్ ప్రయోగశాలలో పై చదువుకు సీటు ఖాయం. ఉన్నది ఒక్క సీటు. రెండో విద్యార్థి పత్తికొండ వైపు ఇంకో ఊళ్లో ఇంకో ముసలాయన చేతికి ఇలాంటి తొడుగే తొడుగుతున్నాడు.

మే నెల ఎండలో ఆ ఇంటి వసారాలో పని మొదలైంది. అవ్వకు ఇదంతా సరదాగానే ఉండేది. తొట్టిలో చెయ్యి పెట్టి పెట్టకముందే చెప్పేసేది.

"ఇది నల్లప్ప చేను మన్ను. పచ్చి. రెండు పూటలు ఎండల్ల. ఇదేమో మా కుంటకింద మడిది. పదును. ఇప్పుడిత్తితే మూడోనాటికి లేస్తాది."

వైశాలి నోరు తెరుచుకుని చూసేది. మట్టి ఎవరి పొలందో ఆ పిల్ల చెప్పలేదు మరి. అవ్వ అలా గుర్తుపట్టిందని రాయడానికి కాగితాల్లో గడి కూడా లేదు. పక్కన పెన్సిలుతో రాసుకునేది.

వైశాలి వాళ్లింట్లోనే ఉండేది. మొదట్లో "మామ్మగారూ, మీరు" అంటే వన్నూరమ్మ పడీ పడీ నవ్వింది. వారం తిరిగేసరికి "అవ్వా, నువ్వు" అనడం వచ్చేసింది. పొద్దున తొట్లు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం పొయ్యి ముందు కబుర్లు. అవ్వ జొన్నపిండిలో వేడినీళ్లు పోసి కలిపి, అరచేత్తో తట్టి, గాలికి ఎగిరేంత పల్చగా రొట్టెలు చేసేది. కొలత గిన్నె లేదు, ఏమీ లేదు. చేతికి తెలిసేది.

మూడో వారంలో ఒక సాయంత్రం ఆ పిండి జారిపోయింది. అవ్వ తట్టబోతే రొట్టె అరచేతికి అంటుకుపోయింది. మళ్లీ పిండి వేసింది. ఈసారి బీటలు వారింది.

"అత్తా, ఇది రొట్టెకా, సంగటికా?" అని వన్నూరమ్మ నవ్వింది.

అవ్వ కూడా నవ్వి, పిండి పాతదయిందని పక్కకు నెట్టింది. మర్నాడు కొత్త పిండి పట్టించుకొచ్చారు. మర్నాడూ అంతే అయింది. ఆ తరువాత నుంచి రొట్టెలు వన్నూరమ్మే చేయసాగింది, నవ్వలేదు. అదే వారం అవ్వ చేను ఎవరిదో చెప్పడం మానేసింది. పచ్చి, పదును, వట్టిది, అంతవరకే. ఆ రెండు సంగతులూ వైశాలి చూసింది. చూసినా, రెండింటినీ కలిపి ఆలోచించే ధైర్యం చేయలేదు.

ఆ ధైర్యం ముప్పై ఏడో నమూనా చేయించింది. అక్కడక్కడా ఒకే తొట్టి మట్టిని రెండుగా చేసి, అవ్వకు చెప్పకుండా రెండుసార్లు పెట్టాలని ప్రయోగశాల నియమం. కాగితంలో వాటికి 'జత' అని గుర్తు పెడతారు. అంతకుముందు నాలుగు జతలు పెడితే నాలుగింట్లోనూ అవ్వ ఒకే మాట చెప్పింది. ఈసారి ముప్పై ఆరుకు వట్టిది అంది. పది నిమిషాల తరువాత, అదే మట్టి, అదే తడి, ముప్పై ఏడుకు పదును అంది.

వైశాలి పెరట్లోకి వెళ్లి కేదారనాథ్‌కు ఫోన్ చేసింది.

"అలసటమ్మా. అది ఉంటుందని పుస్తకంలో రాశాను కదా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "ఒక రోజు విశ్రాంతి ఇవ్వు. తగ్గిపోతుంది. అవతల పత్తికొండ అబ్బాయి యాభై దాటేశాడు, నీవెన్నయ్యాయి?"

ఒక రోజు కాదు, రెండు రోజులు ఇచ్చింది. అవ్వ ఆ రెండు రోజులూ మంచం మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో నొక్కుకుంటూ ఉంది. తిమ్మిరెక్కిందా అవ్వా అంటే, లేదు పాపా ఊరకే అంది. మూడో రోజు వైశాలి మళ్లీ జత పెట్టింది. మళ్లీ రెండు మాటలు వచ్చాయి.

అప్పుడు చేయాల్సిన పని ఏమిటో ఆ పిల్లకు తెలుసు. తొడుగు తీసేసి పెట్టెలో పెట్టి, నావల్ల కాదు సార్ అని చెప్పడం. ఆ మాట రాలేదు. సీటు కళ్ల ముందు ఆడింది. పని అయిపోయాక తగ్గిపోతుందిలే అని తనకు తానే నచ్చజెప్పుకుంది. కాగితంలో తేడా వచ్చిన రెండుచోట్లా 'జత' గుర్తులు తుడిచేసి, వేర్వేరు పొలాల పేర్లు రాసింది. ఆ ఒక్క తుడుపుతో వైశాలి తప్పు పుట్టింది. మిగిలిన కథంతా దాని సంతానమే.

ఆ తరువాత నమూనాలు చకచకా నడిచాయి. అవ్వ ఎక్కువగా పదును అంటోంది. వట్టి మట్టిని పట్టుకుని పదును, నీళ్లు కారే మట్టిని పట్టుకుని పదును. అన్నాక వైశాలి ముఖం వైపు చూసేది. వైశాలి "సరే అవ్వా" అని యంత్రం మీట నొక్కేది. జూన్ రెండో వారానికి అరవై పూర్తయ్యాయి. పత్తికొండ ముసలాయన యాభై నాలుగు దగ్గర ఇంక రానని మంచమెక్కాడట. కేదారనాథ్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అరవై నమూనాలతో నేర్పిన యంత్రాన్ని ఒక కడ్డీలో పెట్టి పంపాడు. కడ్డీని నేలలో గుచ్చితే ఫోన్‌లో రంగు కనిపిస్తుంది. ఆకుపచ్చ అంటే పదును. తొలకరి నాడు అవ్వ పక్కనే నడుస్తూ సరిచూడమని ఆజ్ఞ.

ఆ నెల ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం వాన పడింది. పెద్ద చినుకులతో గంటసేపు కురిసి, వచ్చినంత తొందరగానూ పోయింది. మర్నాడు పొద్దుటికి ఊరంతా గట్ల మీద నిలబడింది. ట్రాక్టర్లకు గొర్రులు తగిలించి ఉన్నాయి. ఇంటింటా ఆడవాళ్లు చేత్తో వొలిచిన వేరుశనగ విత్తనకాయల గింజలు సంచుల్లో సిద్ధంగా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఒక్క విత్తుకు సరిపడానే ఉన్నాయి. రెండోసారికి ఎవరి దగ్గరా లేవు.

అవ్వ నల్లప్ప చేనులోకి దిగింది. వైశాలి కడ్డీతో వెనకే నడిచింది. అవ్వ వంగింది, మన్ను తీసింది, పిసికింది, వదిలింది. నిలబడిపోయింది. మళ్లీ వంగింది. ఎప్పుడూ ఒక చోట ఒక్కసారే పట్టుకునే మనిషి అదే చోట మూడుసార్లు పట్టుకుంది. గట్టు మీద గుసగుసలు ఆగిపోయాయి. నల్లప్ప తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

అవ్వ తల తిప్పకుండా, పెదవులు కదిలీ కదలనట్టు అడిగింది. "నీ కడ్డీ ఏమంటాది పాపా?"

వైశాలి ఫోన్ చూసింది. ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో ఈ భూమ్మీద తెలిసిన మనిషి తానొక్కతే. నాకు నమ్మకం లేదవ్వా అనవచ్చు. ఇంటికి పోదాం పద అనవచ్చు. రెండు వందల కళ్లు అవ్వ మీద ఉన్నాయి. అవ్వ గడ్డం సన్నగా వణుకుతోంది. ఆ వణుకు ఆపాలన్నదొక్కటే ఆ క్షణంలో ఆ పిల్లకు తోచింది.

"పదునే అంటోంది అవ్వా," అంది.

అవ్వ కొంగు తీసి నడుములో దోపుకుంది. గట్ల మీద కేకలు లేచాయి. ట్రాక్టర్లు ఒక్కసారిగా గుర్రుమన్నాయి. సాయంత్రానికి బొమ్మలకుంట విత్తనమంతా నేలలో ఉంది.

తడి నాలుగు వేళ్ల లోతే దిగింది. దాని కింద నేల మే నెలలో ఎలా ఉందో అలాగే ఉంది. ఎనిమిదో రోజుకు అక్కడక్కడా మొలకలు తలెత్తాయి. పన్నెండో రోజుకు వాడి నేలకు అంటుకుపోయాయి. మొలవని గింజలు తవ్వి చూస్తే పొట్టు మిగిలింది, పప్పు చీమల పాలైంది. జూలై రెండో వారంలో అసలు వాన వచ్చింది, రెండు రోజులు ఆగకుండా పడింది. పిల్లలకు కూడా పదునని తెలిసేంత మంచి వాన. వేయడానికి గింజ లేదు. కొందరు ఉలవలు చల్లుకున్నారు, కొందరు చేను అలాగే వదిలేసి బెంగుళూరు పనులకు పోయారు.

ఊరు అవ్వను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రోజూ ఎవరో ఒకరు వసారాలో కూర్చుని వక్కాకు నములుతూ కబుర్లు చెప్పే ఇంటికి మనుషుల రాక ఆగిపోయింది. బస్టాండు దగ్గర నల్లప్ప ఎవరితోనో అంటుంటే వైశాలి చెవిన పడింది. "ముసిల్ది అయిపోయిండ్లా. మనదే తప్పు. ఇంగెన్నేండ్లని అడిగేది?"

ఆ మాట విని వైశాలి నేరుగా ఇంటికి వచ్చింది. అవ్వ మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. వైశాలి నేల మీద కూర్చుని అంతా చెప్పేసింది. ముప్పై ఏడో తొట్టి సంగతి, తుడిచేసిన గుర్తులు, సీటు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. అవ్వ మధ్యలో ఆపలేదు.

"తెల్సు పాపా," అంది చివరికి.

"ఏం తెలుసు?"

"నా చెయ్యి పొయ్యిందని నాకు తెలీదా? రొట్టె ఇరిగిపోయిన్నాడే తెల్సు. మన్ను పట్టుకుంటే చెక్కముక్క పట్టుకున్నెట్ల ఉండె. చల్లగుండాదా, వేడిగుండాదా అంతే తెలుస్తాది. ఇంగేమీ తెలీదు."

"మరి పదునని ఎందుకు చెప్పావు?"

"నువ్వు నిద్దర్లో గూడా అరవై అరవై అని కలవరిస్తాంటివి. పచ్చి అంటే నీ మొగం అట్లే ఉండె. పదును అంటే ఎలగతాండె. ఎవురి బిడ్డో ఇంత దూరం వచ్చింది, దాని పని కానీలే అనుకుంటి. పదును పదును అంటా పోతి. ఇయ్యాల కాకుంటే రేపు నా చెయ్యి నాకొస్తాది, అప్పుడు సరిగ్గా చెప్దామనుకుంటి."

వైశాలి తాను అవ్వకు తెలియకుండా దాచాననుకుంది. అవ్వ తనకు తెలియకుండా దాచింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడి ఊరి విత్తనాన్ని మట్టిలో కలిపారు. యంత్రానికి జాలి తెలియదు, పదును అంటే పదునని నేర్చుకుంది.

"ఊళ్లో చెప్పేస్తానవ్వా. తప్పు నీది కాదని అందరికీ చెప్తాను."

అవ్వ చటుక్కున వైశాలి చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలియడంలేదు, వేళ్లు ఎముకలకు ఆనాయి. "చెప్పద్దు. ముసిల్దాని చెయ్యి తప్పింది అనుకోనీ. కడ్డీ చెప్తే కొంగు దోపిందని తెలిస్తే, మా అత్త నాటి నుంచి దోపిందంతా నాటకమనుకుంటారు. అది నేను మొయ్యలేను."

"ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

"మీ సారుకు చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు. ఆయప్ప చేసిన మిషనే కదా ఇది, నా చెయ్యి నాకొచ్చేకి ఏమన్నా మందుంటాదేమో అడుగు. నాకింగేం వద్దు పాపా. మన్ను తెలీకుండా యట్లా బతికేది?"

ఆ ఒక్క కోరిక మూటగట్టుకుని వైశాలి కళాశాలకు తిరిగి వచ్చింది. సీటు పోతే పోయిందనుకుంది. నిజం చెబితే వాళ్లు మందు వెతుకుతారని మాత్రం నమ్మింది. ఇరవై ఏళ్ల వయసు కదా, అలాంటి నమ్మకాలుంటాయి.

కేదారనాథ్ గదిలో నిలబడి తుడిచేసిన గుర్తులతో సహా అన్నీ చెప్పింది. ఆయన తిడతాడనుకుంది. ఆయన కంప్యూటరు తిప్పుకుని, అరవై నమూనాలను ముందు పెట్టుకున్నాడు. ముప్పై ఐదు దగ్గర గీత గీశాడు. గీతకు అవతలివన్నీ తీసేసి, ఇవతలివి మాత్రమే పెట్టి యంత్రానికి మళ్లీ నేర్పాడు. పత్తికొండ ముసలాయనవి కూడా అలాగే చేశాడు. ఆయన గీత ముప్పై నాలుగు దగ్గర పడింది. కొత్తగా నేర్చిన కడ్డీకి బొమ్మలకుంట జూన్ తేమ వివరాలు చూపించాడు. ఎర్రరంగు వచ్చింది. విత్తవద్దని.

"చూశావా," అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి. ముఖం వెలిగిపోతోంది. "నెల రోజుల నుంచి ఎక్కడ తప్పుతోందో తెలియక జుట్టు పీక్కుంటున్నాను. ఒక మనిషి దగ్గర ఉన్నది ముప్పై అయిదు నమూనాలకు అయిపోతుంది. తరువాత వచ్చేదంతా ఊహే. నువ్వు చెప్పకపోతే మనకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు."

"అయిపోతుందంటే, సార్, అవ్వ చెయ్యి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఆయన తండ్రి కూడా వేరుశనగ వేసి వాన కోసం చూసినవాడే. "లోపలి దారిని వెలిగించినప్పుడల్లా కొంచెం కాలిపోతుందన్నమాట. దానికి మన దగ్గర మందు లేదమ్మా. వెతికే విభాగమూ లేదు. ఆవిడ వేలిముద్ర వేసిన కాగితంలో అసౌకర్యం కలగవచ్చని రాసే ఉంది."

"ఆమెకు చదువు రాదు సార్. చదివి వినిపించింది నేనే. నేను చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పాను."

"ఒక్కటి ఆలోచించు. ఆవిడ ఇంకెన్నేళ్లు చెబుతుంది? అయిదో, ఆరో. తరువాత ఆవిడతో పాటే పోయేది. ఇప్పుడు అది ఎక్కడికీ పోదు. వచ్చే తొలకరికి వంద ఊళ్లలో ఒక్క గింజ వృథా కాదు. నీ బొమ్మలకుంటలో కూడా కాదు. ఆ ఊరివాళ్లను అడుగు, ఏది కావాలంటారో."

ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. అందుకే దాన్ని నమిలి మింగడం వైశాలికి అంత కష్టమైంది. సీటు ఆమెకే ఇచ్చారు. నిజాయితీకి మెచ్చుకోలుగా అని కూడా రాశారు. వద్దని చెప్పే ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపేసింది. నాలుగోసారి రాయలేదు. ఆ ముప్పై ఐదు కొలతకు ప్రయోగశాలలో ఒక పేరు కావాల్సి వచ్చింది. 'వైశాలి పరిమితి' అని పెట్టారు.

మరుసటి ఏడు తొలకరికి బొమ్మలకుంటలో కడ్డీ సరిగ్గా చెప్పింది. చేలన్నీ ఒత్తుగా లేచాయి. వన్నూరమ్మ ఫోన్‌లో ఆ సంగతి సంతోషంగానే చెప్పింది. "అత్త బాగుండాది. చేన్లోకి పోయేది లేదు, ఇంట్లోనే ఉంటాది. ఇదో, మాట్లాడుతాదంట."

అవ్వ గొంతు మెల్లగా వచ్చింది. "పాపా, మందు సంగతి అడిగినావా?"

"అడిగానవ్వా," అంది వైశాలి. "చూస్తామన్నారు."

"అట్లనా. తొందరేం లేదులే. నువ్వు బాగా చదువుకో."

ఫోన్ పెట్టేసి వైశాలి చాలాసేపు మెట్ల మీద కూర్చుండిపోయింది. అవతల హాలులో వచ్చే వేసవి శిక్షణకు ఎంపికైన నలభై మంది ఎదురుచూస్తున్నారు. ఈసారి మొదటి ఇద్దరికే కాదు, అందరికీ తొడుగులున్నాయి. వేపచెట్టు తేనెతుట్టె పండిందో లేదో వేలితో తాకి చెప్పేవాళ్లు, పశువు కడుపు మీద చెయ్యి వేసి ఈనే రోజు చెప్పేవాళ్లు, మొక్కజొన్న కంకి నొక్కి పాలు పట్టిందని చెప్పేవాళ్లు, రాష్ట్రమంతా వెతికి జాబితా వేశారు. నేర్పాల్సింది వైశాలే. కేదారనాథ్ ఆమెను పరిచయం చేస్తూ, ఈ పరిమితి కనిపెట్టిన అమ్మాయి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తొడుగు ఎలా వేయాలో, బిళ్ళలు ఎక్కడ అంటించాలో, జత నమూనాలు ఎలా పెట్టాలో ఒక్కొక్కటే చూపించింది. గొంతు స్థిరంగానే ఉంది. చివరికి నల్లబల్ల మీద ముప్పై ఐదు అని పెద్దగా రాసి, కింద రెండు గీతలు గీసింది.

"ఏ మనిషి దగ్గరా దీనికి ఒక్కటి కూడా ఎక్కువ తీసుకోవద్దు. అయిపోగానే తొడుగు తీసి, థాంక్స్ చెప్పి, ఇంకో ఊరికి వెళ్లిపోండి."

మూడో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. బక్కపల్చటి పిల్ల, కొత్త నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఉంది.

"దాటితే ఏమవుతుంది మేడమ్?"

వైశాలి ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. చెప్పడానికి ఒక ఊరుంది, ఒక వసారా ఉంది, ఒక ముసలి చెయ్యి ఉంది. వెనక వరసలో కేదారనాథ్ చేతులు కట్టుకుని చిరునవ్వుతో వింటున్నాడు.

"డేటా పాడవుతుంది," అంది.

ఆ అమ్మాయి తలూపి రాసుకుంది.